డౌన్‌లోడ్ అయ్యేది ఫైల్, అలిసిపోయేది ప్రాసెసర్: కొత్త పీసీ కొనే ముందు ఒక్క విండో మూసి చూడండి

"బామ్మర్దీ, ఇగ నాతోని కాదు. ఈ సిస్టమ్‌ని పక్కన పడేస్త. కొత్తది ఏది తీసుకోవాల్నో నువ్వే చెప్పు. నలభై వేల లోపల చూడు."

ఒక శనివారం పొద్దున్నే మా బావ ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. బావకి కామారెడ్డి బస్టాండ్‌కి దగ్గర్లో చిన్న నెట్ సెంటర్ ఉంది. ఒక డెస్క్‌టాప్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, ఆధార్ ప్రింట్లు, ఇదే పని పొద్దంతా. ఆ ఒక్క డెస్క్‌టాప్ ఆగితే దుకాణం ఆగినట్టే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సొంతూరు ఎల్లారెడ్డి. బీటెక్ చదివినందుకు మా ఇంట్లో మిక్సీ పాడైనా, టీవీ రిమోట్ పని చేయకపోయినా నాకే ఫోన్ వస్తుంది. నేను కూడా చూడకుండానే సలహాలు ఇచ్చేస్తుంటాను. బావ సిస్టమ్ విషయంలో అదే చేశాను, అక్కడే తప్పు జరిగింది.

ఆరు నెలల కింద బావ మొదటిసారి "సిస్టమ్ మస్తు స్లో అయితుంది, ఫ్యాన్ ఒకటే మోత" అంటే, "ర్యామ్ తక్కువుంది బావా, ఇంకో నాలుగు జీబీ వేయించు" అన్నాను. వేయించాడు. మోత తగ్గలేదు. రెండోసారి ఫోన్ చేస్తే "హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టు" అన్నాను. పెట్టించాడు. సిస్టమ్ ఆన్ అయ్యే టైం తగ్గింది గానీ, మధ్యాహ్నానికి మళ్ళీ అదే కథ. రెండూ కలిపి నాలుగు వేల పైనే అయ్యింది. పది రూపాయల ప్రింట్లు నాలుగు వందలు తీస్తే వచ్చే డబ్బు అది, కాగితం, ఇంకు ఖర్చు తియ్యకుండా. ఇప్పుడు మూడోసారి నలభై వేలు అంటున్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఈసారి ఫోన్‌లో చెప్పకుండా బస్సెక్కి కామారెడ్డి వెళ్ళాను.

టాస్క్ మేనేజర్‌లో 50 శాతం అంటే ఏంటి?

నేను వెళ్ళేసరికి సెంటర్‌లో ఐదారుగురు ఉన్నారు. ఒక డిగ్రీ అమ్మాయి హాల్ టికెట్ కోసం నిలబడి ఉంది. పీడీఎఫ్ డౌన్‌లోడ్ అయ్యింది, ప్రింట్ కొట్టారు, ప్రింట్ డైలాగ్ మాత్రం రావట్లేదు. ఆ అమ్మాయి ఒకసారి గడియారం వైపు, ఒకసారి రోడ్డు మీద బస్సుల వైపు చూస్తోంది. బావ మౌస్‌ని టేబుల్‌కి కొడుతున్నాడు. సీపీయూ డబ్బాలో ఫ్యాన్ జెట్ విమానంలా మోగుతోంది.

జనం కాస్త తగ్గాక టాస్క్ మేనేజర్ తెరిచాను. బ్రౌజర్ పక్కన 50 శాతం. ఎవరూ ఏమీ ముట్టుకోవట్లేదు, అయినా 50 దగ్గరే ఆడుతోంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 50 అంటే "ఇంకా సగం ఖాళీగా ఉంది కదా" అనుకుంటారు. కాదు. బావ సిస్టమ్‌లో ఉన్నది రెండు కోర్ల ప్రాసెసర్. టాస్క్ మేనేజర్ చూపించే శాతం అన్ని కోర్లకీ కలిపి లెక్క. ఒకే థ్రెడ్‌లో జరిగే పని ఒక కోర్‌ని పూర్తిగా తినేస్తే రెండు కోర్ల సిస్టమ్‌లో 50 అని, నాలుగు థ్రెడ్ల సిస్టమ్‌లో 25 అని, పదహారు థ్రెడ్లు ఉంటే 6 అని కనిపిస్తుంది. అంటే అదే జబ్బు మీ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 6 శాతంగా కనిపించి మీరు పట్టించుకోరు, బావ దగ్గర సగం సిస్టమ్ పోతుంది.

ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. ట్యాబ్‌లన్నీ మూసేశాను, తగ్గలేదు. ఎక్స్‌టెన్షన్లు చూశాను, ఏవీ లేవు. యాంటీవైరస్ మీద అనుమానం వచ్చింది, కానీ అది నిశ్శబ్దంగానే ఉంది. డిస్క్ కూడా ఖాళీగానే ఉంది. చివరికి మిగిలింది స్క్రీన్‌లో కుడివైపు ఎప్పుడూ తెరిచి ఉండే డౌన్‌లోడ్స్ విండో. డౌన్‌లోడ్ అయిన పీడీఎఫ్ మీద వెంటనే క్లిక్ చేసి ప్రింట్ తీసుకోవాలి కాబట్టి బావ దాన్ని పొద్దున తెరిస్తే రాత్రి షట్టర్ వేసేదాకా మూయడు.

దాన్ని మినిమైజ్ చేశాను. 50 కాస్తా మూడు, నాలుగుకి పడిపోయింది. మళ్ళీ పైకి తెచ్చాను, మళ్ళీ 50. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. బావ నా భుజం మీంచి చూస్తూ "గంతేనా? గా డబ్బా మూస్తే అయిపాయెనా?" అన్నాడు. ఆ మాటలో సంతోషం కన్నా నాలుగు వేల బాధే ఎక్కువ వినిపించింది నాకు.

విండోలో చూస్తే, పొద్దున ఎవరికోసమో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన పీడీఎఫ్‌లు రెండున్నాయి. ఫైల్ రావట్లేదు, ఆగిపోయిందని కూడా చెప్పట్లేదు. వాటి కింద నీలం గీత మాత్రం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తిరుగుతూనే ఉంది. ఆ రెండింటినీ క్యాన్సిల్ చేశాను. ఇప్పుడు విండో తెరిచే ఉన్నా ప్రాసెసర్ చల్లగా ఉంది.

అది ఏ బ్రౌజర్ అని అడగకండి. పేరు చెబితే "మా బ్రౌజర్ గొప్ప, మీ బ్రౌజర్ చెత్త" అనే గొడవ మొదలై అసలు విషయం పక్కకి పోతుంది. ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదని కింద చెప్పబోయే ఉదాహరణలు చూస్తే మీకే అర్థమవుతుంది.

ఫైల్ రావడానికి ప్రాసెసర్‌తో అంత పనిలేదు

ముందు ఒక లెక్క చూద్దాం. బావ దగ్గర 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి, నెట్ మొత్తం వాడుకున్నా సెకనుకి వచ్చేది 5 ఎంబీ. ఒక జీబీ ఫైల్‌కి 200 సెకన్లు పడుతుంది. ఈ 5 ఎంబీలకి ప్రాసెసర్ చేయాల్సిన పనులేంటి? హెచ్‌టీటీపీఎస్ కాబట్టి వచ్చిన డేటాని డీక్రిప్ట్ చేయాలి. ఈ పనికి చాలా ఏళ్ళుగా ప్రాసెసర్లలోనే ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లు ఉంటున్నాయి, సెకనుకి వందల ఎంబీలు సునాయాసంగా చేసేస్తాయి. తర్వాత ఆ ముక్కని డిస్క్ మీద రాయాలి. మామూలు పాత హార్డ్ డిస్క్ కూడా సెకనుకి 5 ఎంబీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రాయగలదు. ఫైల్ పూర్తయ్యాక యాంటీవైరస్ ఒకసారి స్కాన్ చేస్తుంది, అది కాసేపు ప్రాసెసర్‌ని వాడుకుంటుంది, అది న్యాయమే.

అంటే డౌన్‌లోడ్ అనే అసలు పని చాలా తేలిక. బరువంతా "డౌన్‌లోడ్ అవుతోంది" అని మనకి చూపించడంలో ఉంది.

ఎల్లారెడ్డిలో ఆదివారం చేసిన టెస్ట్

ఒక్క సిస్టమ్‌లో ఒక్కసారి చూసి తీర్పు చెప్పేయడం నాకు ఇష్టం లేదు. అలా చెప్పే ఇప్పటికే నాలుగు వేలు ఖర్చు పెట్టించాను. అందుకే ఆ సాయంత్రం ఎల్లారెడ్డి ఇంటికి వెళ్ళి, చెల్లి వాడుతున్న నా పాత కాలేజీ ల్యాప్‌టాప్ తీసుకున్నాను. పైథాన్‌లో చిన్న సర్వర్ రాసి ఒకే ఫైల్‌కి రెండు లింకులు పెట్టాను. మొదటి లింక్ ఫైల్ సైజ్ ముందే చెబుతుంది. రెండోది చెప్పదు.

తేడా ఏంటంటే, బ్రౌజర్ ఒక ఫైల్ అడిగినప్పుడు సర్వర్ మామూలుగా కంటెంట్ లెంగ్త్ అనే హెడర్‌లో మొత్తం సైజ్ చెబుతుంది. అప్పుడు బ్రౌజర్ "100 ఎంబీలో 37 వచ్చింది" అని లెక్క కట్టి గీతని అక్కడిదాకా నింపుతుంది. కానీ అప్పటికప్పుడు తయారయ్యే ఫైళ్ళకి, అంటే మీ రోల్ నంబర్ కొట్టాక తయారయ్యే హాల్ టికెట్ లాంటివాటికి, చాలాసార్లు సైజ్ సర్వర్‌కే ముందు తెలియదు. ముక్కలు ముక్కలుగా పంపిస్తుంది. మొత్తం ఎంతో తెలియనప్పుడు శాతం ఎలా చూపించాలి? అందుకే ఊరికే అటూ ఇటూ తిరిగే గీత పెడతారు. నెట్ సెంటర్‌లో దిగేవాటిలో ఇలాంటి ఫైళ్ళే ఎక్కువ.

ఫలితం మొదట నన్ను నిరుత్సాహపరిచింది. రెండు లింకులకీ పెద్ద తేడా లేదు, ప్రాసెసర్ మామూలుగానే ఉంది. బావ సిస్టమ్‌లో ఏదో వేరే రోగం ఉందేమో అనుకున్నాను. తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి మళ్ళీ పెట్టాను. సైజ్ తెలిసిన ఫైల్‌కి కొంచెమే పెరిగింది. సైజ్ తెలియని ఫైల్‌కి మాత్రం ఒక కోర్ దాదాపు పూర్తిగా పోయింది. విండో మినిమైజ్ చేయగానే పడిపోయింది. చెల్లి వచ్చి "అన్నా, ఆ గీతను చూసుకుంట కూర్చున్నవేంది, తిననీకి రా" అని రెండుసార్లు పిలిచింది.

అంటే మూడు కలిస్తేనే ఈ జబ్బు. ఒకటి, ఆగకుండా కదిలే గీత. రెండు, ఆ గీతని గ్రాఫిక్స్ చిప్ కాకుండా ప్రాసెసరే గీయాల్సి రావడం. మూడు, విండో తెరిచి ఉండటం.

సోమవారం హైదరాబాద్ వెళ్తూ దారిలో మళ్ళీ కామారెడ్డిలో దిగి, బావ బ్రౌజర్‌లో గ్రాఫిక్స్ వివరాల పేజీ చూశాను. అనుకున్నట్టే, "సాఫ్ట్‌వేర్ ఓన్లీ" అని ఉంది. అందులోని గ్రాఫిక్స్ పాతది, డ్రైవర్ ఇంకా పాతది. కొన్ని పాత డ్రైవర్ల వల్ల క్రాష్‌లు వస్తాయని బ్రౌజర్లు వాటిని ఒక నిషేధిత జాబితాలో పెట్టుకుంటాయి. ఆ జాబితాలో మీ డ్రైవర్ ఉంటే మీకు చెప్పకుండానే గ్రాఫిక్స్ చిప్‌ని పక్కన పెట్టి మొత్తం ప్రాసెసర్‌తోనే గీయిస్తాయి. క్రాష్ అవ్వకుండా చూడటం మంచిదే. కానీ ఆ సంగతి తెలిసిన బ్రౌజర్, అదే సిస్టమ్‌లో సెకనుకి అరవైసార్లు గీయాల్సిన యానిమేషన్‌ని మాత్రం ఆపలేదు. నా కోపమంతా ఇక్కడే.

60 హెర్ట్జ్ స్క్రీన్ అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒక కొత్త ఫ్రేమ్. ఎనిమిది గంటలు ఆ విండో తెరిచి ఉంటే 17 లక్షల 28 వేల ఫ్రేములు. ఎందుకు? "ఇంకా అవుతోంది" అనే ఒక్క ముక్క చెప్పడానికి. అది కూడా అబద్ధం, ఎందుకంటే ఆ ఫైల్ రావట్లేదు.

ఇది బావ ఒక్కడి కథ కాదు

డెవలపర్ మిత్రులకి 2017 మార్చి గుర్తుండే ఉంటుంది. వీఎస్ కోడ్‌లో ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా 13 శాతం సీపీయూ పోతోందని ఒక డెవలపర్ బయటపెట్టాడు. కారణం ఏంటో తెలుసా? మినుకుమినుకుమనే కర్సర్. కర్సర్ సెకనుకి ఒకటి రెండుసార్లు కనిపించి మాయమవ్వాలి, అంతే. కానీ దాన్ని సీఎస్ఎస్ యానిమేషన్‌తో రాయడం వల్ల, వీఎస్ కోడ్ లోపల ఉన్న క్రోమియం ఇంజిన్ సెకనుకి అరవైసార్లు పని చేసింది. కర్సర్ మినుకుమనకుండా సెట్టింగ్ మార్చుకుంటే తగ్గిపోయేది. తర్వాత వాళ్ళు దాన్ని సరిచేశారు.

అంతకు ముందు ఏడాది, 2016 జనవరిలో, ఎన్‌పీఎమ్ విషయంలో ఇలాంటిదే జరిగింది. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు టెర్మినల్‌లో వచ్చే ప్రోగ్రెస్ బార్‌ని ఆఫ్ చేస్తే, కొందరి సిస్టమ్స్‌లో ఇన్‌స్టాల్ దాదాపు సగం టైంలో అయిపోయింది. పని ఎంతవరకు వచ్చిందో చూపించే గీతే పనికి అడ్డం పడింది. ఎద్దుకంటే గంట బరువైనట్టు.

ఈ రెండూ బయటపడటానికి కారణం, వాటిని వాడేవాళ్ళు డెవలపర్లు కావడం. ప్రొఫైలర్ తెరిచి, రుజువు చూపించి, బగ్ ఫైల్ చేశారు. బావ లాంటివాళ్ళు బగ్ ఫైల్ చేయరు. కొత్త సిస్టమ్ కొంటారు. దీని ఖర్చు కంపెనీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు, కామారెడ్డిలో ఒక దుకాణం ఈఎంఐలో కనిపిస్తుంది.

వెబ్‌సైట్లకి ఒక రూల్, మీకొక రూలా?

బ్రౌజర్ కంపెనీలకి ఈ సంగతులు తెలియవా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. 2017 మార్చిలో వచ్చిన క్రోమ్ 57 నుంచి, వెనక ఉన్న ట్యాబ్‌లలో టైమర్లు సగటున ఒక కోర్‌లో 1 శాతం కన్నా ఎక్కువ వాడకుండా పరిమితి పెట్టారు. డెస్క్‌టాప్‌లో క్రోమ్ వాడే పవర్‌లో మూడో వంతు ఆ వెనక ట్యాబ్‌లదేనని అప్పట్లో గూగుల్ స్వయంగా చెప్పింది. కనిపించని ట్యాబ్‌లో యానిమేషన్ ఫ్రేములు ఇవ్వడం బ్రౌజర్లు ఆపేస్తాయి. మంచి పని.

ఆండ్రాయిడ్‌లో కూడా అంతే. ఒక యాప్ తన డౌన్‌లోడ్ నోటిఫికేషన్‌ని ఒక్క సెకనులోపే మాటిమాటికీ అప్‌డేట్ చేస్తూ పోతే సిస్టమ్ కొన్నిటిని వదిలేయవచ్చు. శాతం మారడం మనిషి కంటికి కనిపించాలంటే సెకనుకి ఒకటి రెండుసార్లు మారితే చాలని వాళ్ళకి తెలుసు.

మరి ఇంటి బయటివాళ్ళకి పెట్టిన క్రమశిక్షణ ఇంట్లోవాళ్ళకి ఎందుకు లేదు? డౌన్‌లోడ్స్ జాబితాని ఎన్నోసార్లు మార్చారు. ఫైర్‌ఫాక్స్ 2008లో మూడో వెర్షన్‌తో ఆ జాబితాని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి మార్చింది, 2013 ఏప్రిల్‌లో 20వ వెర్షన్‌తో పాత ప్రత్యేక విండో బదులు టూల్‌బార్‌లో చిన్న ప్యానెల్ తెచ్చింది. క్రోమ్ 2008 నుంచి కింద ఉన్న బార్‌ని తీసేసి 2023లో పైన బబుల్ పెట్టింది. అందంగానే ఉన్నాయి. కానీ "ఇది నాలుగు జీబీ ర్యామ్, రెండు కోర్లు, పాత గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్‌లో పొద్దంతా తెరిచి ఉంటే ఎంత తింటుంది?" అనేది ప్రతి బ్రౌజర్ టీమ్ ప్రతి కొత్త డిజైన్‌కీ వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న. కొత్త ల్యాప్‌టాప్ మీద కూర్చుని రాసినవాడికి ఆ 50 శాతం కనిపించదు. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆఫీసులో నేనూ అలాంటి ల్యాప్‌టాప్ మీదే కోడ్ రాస్తాను. మా టీమ్ యాప్‌లో తిరిగే స్పిన్నర్ పెట్టింది నేనే. ఆ సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే దాన్ని తెరిచి చూసుకున్నాను.

"పాతది మార్చుకోవచ్చు కదా భాయ్"

ఈ మాట మీలో కొందరి నోట్లో ఉందని తెలుసు. దీంట్లో కొంత న్యాయం కూడా ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కేమో టీపీఎమ్ 2.0, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. బావ సిస్టమ్‌కి ఆ రెండూ లేవు. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని సిస్టమ్‌లో జనం ఆధార్ నంబర్లు కొట్టడం మంచిది కాదు, కాబట్టి ఎప్పటికైనా మార్చాల్సిందే. ఆ కారణంతో మారిస్తే నేను ఒప్పుకుంటాను. కానీ ఒక నీలం గీత తిరుగుతోందని మార్చడాన్ని మాత్రం ఒప్పుకోను. ఎప్పుడు కొనాలో బావ చేతిలో డబ్బు ఉన్నప్పుడు బావ నిర్ణయించుకోవాలి, ఒక యానిమేషన్ కాదు.

ఇంకో వాదన, "ప్రాసెసర్ ఉన్నదే వాడటానికి, 100 శాతం పోతే తప్పేంటి?" అని. తప్పేమీ లేదు, పని జరుగుతుంటే. వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే, కోడ్ కంపైల్ అవుతుంటే 100 పోవాలి, పోకపోతేనే బాధ. ట్రాక్టర్ పొలం దున్నుతుంటే డీజిల్ కాలడం వేరు, ఇంటి ముందు స్టార్ట్ చేసి పెట్టి పొద్దంతా వదిలేయడం వేరు.

ఒక మాట ఒప్పుకుంటాను. కదిలే గీత పూర్తిగా పనికిరానిది కాదు. ఏమీ కదలకపోతే జనం "హ్యాంగ్ అయ్యింది" అనుకుని పదిసార్లు క్లిక్ చేస్తారు. నేనడిగేది గీత తీసేయమని కాదు. గ్రాఫిక్స్ చిప్ అందుబాటులో లేనప్పుడు సెకనుకి రెండుసార్లు మాత్రమే కదపండి. నిమిషం పాటు ఒక్క బైట్ కూడా రాకపోతే గీత ఆపి "సర్వర్ నుంచి ఏమీ రావట్లేదు" అని నిజం చెప్పండి. ఇవేమీ పెద్ద ఇంజినీరింగ్ సమస్యలు కావు.

మీ సిస్టమ్‌లో ఇలా చూసుకోండి

ఫ్యాన్ ఊరికే మోగుతుంటే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, మీ ప్రాసెసర్‌కి ఎన్ని థ్రెడ్లున్నాయో చూసి, 100ని దాంతో భాగించండి. ఎవరైనా ఆ సంఖ్య దగ్గరే కదలకుండా కూర్చుంటే, ఒక థ్రెడ్ ఎక్కడో ఇరుక్కుందని అనుమానించండి. బ్రౌజర్ అయితే దాని లోపలి లెక్క కూడా చూడొచ్చు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రాసెసెస్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో కనిపిస్తుంది. తినేది ఏదైనా ట్యాబ్ అయితే ఆ వెబ్‌సైట్‌ది తప్పు. ట్యాబ్‌లు కాకుండా బ్రౌజర్ ప్రాసెసే తింటుంటే, డౌన్‌లోడ్స్ విండో మూసి, పది సెకన్లు ఆగి మళ్ళీ చూడండి.

అదే కారణమైతే, ఇరుక్కుపోయిన డౌన్‌లోడ్లని క్యాన్సిల్ చేయండి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌కి అప్‌డేట్ ఉంటే వేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు ఆఫ్ చేసే ఆప్షన్ ఉంటుంది, ఆ కోరికని గౌరవించే యాప్‌లు కదలికలు తగ్గించుకుంటాయి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే, అప్పుడు ర్యామ్, అప్పుడు ఎస్ఎస్‌డీ, అన్నిటికన్నా చివర కొత్త సిస్టమ్. నేను ఈ వరసని తలకిందులుగా చేశాను, మీరు చేయకండి.

నెట్ సెంటర్ నడిపేవాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్స్ జాబితా క్లియర్ చేస్తే జాబితా మాత్రమే పోతుంది, ఫైళ్ళు పోవు. బావ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఏళ్ళ తరబడి జనం ఆధార్‌లు, కులం సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్‌లు అలాగే ఉన్నాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ పేరు, ఆ సంవత్సరం పక్క ఫైల్‌లోనే ఉంటాయి. అది స్పీడ్ సమస్య కన్నా పెద్ద సమస్య. ఇద్దరం కూర్చుని అన్నీ పూర్తిగా డిలీట్ చేశాం. ఇప్పుడు బావ రోజూ రాత్రి షట్టర్ వేసే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తున్నాడు.

రివ్యూలు రాసేవాళ్ళకి కూడా ఒక విన్నపం. ల్యాప్‌టాప్ రివ్యూ అంటే సినీబెంచ్ స్కోర్, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ చూపిస్తాం. చవక ల్యాప్‌టాప్‌లు కొనేవాళ్ళలో ఎక్కువమంది చేసే పని బ్రౌజర్ తెరవడం, ఫైల్ దింపుకోవడం, ప్రింట్ తీయడం. పది ట్యాబ్‌లు, ఒక డౌన్‌లోడ్ పెట్టి, చేయి తీసేసి, ఐదు నిమిషాల తర్వాత ప్రాసెసర్ ఎంత ఉందో చూపించండి. బ్రౌజర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కూడా అదే చూపించండి. నలుగురూ చూస్తున్నారని తెలిస్తేనే కంపెనీలు సరిచేస్తాయి.

బావ ఇంకా పాత సిస్టమే వాడుతున్నాడు. డౌన్‌లోడ్స్ విండో బదులు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి పెట్టుకుని, కొత్త ఫైల్ పైన వచ్చేలా తేదీ వరసలో పెట్టాను. ప్రింట్ అక్కడి నుంచే. మొన్న ఫోన్ చేసి "సిస్టమ్ మంచిగ నడుస్తుంది, ఫ్యాన్ సప్పుడే లేదు" అన్నాడు. అంతటితో ఆపితే బాగుండేది. "మరి నా నాలుగు వేలు ఎప్పుడిస్తవ్ బామ్మర్దీ?" అని కూడా అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, దసరాకి వెళ్ళినప్పుడు ఇద్దామనే అనుకుంటున్నాను.